వగరు నీళ్లు, కుదుటపడిన కడుపు

కడుపు చెడినప్పుడు జామాకు కషాయం నాకెంతవరకు పనికొచ్చిందో చెబుతాను, కానీ ముందు జరిగింది చెప్పాలి. పోయిన మే నెలలో, కడపలో ఎండలు మండిపోతున్నప్పుడు నాకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. పెళ్లి భోజనం వల్లనో, అక్కడ తాగిన నీళ్ల వల్లనో తేలలేదు. తెల్లారేసరికి లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. నాలుక పిడచకట్టుకుపోయింది, మూత్రం రావడం లేదు. బేదులైతే నీళ్లు మానెయ్యమనే వాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. తాగిందంతా బయటికే పోతోంది కదా అని వాళ్ల భయం. మా ఆయన ఆ మాటలు పట్టించుకోకుండా నన్ను ఆసుపత్రికి తీసుకుపోయాడు. సెలైన్ ఎక్కించి, వాంతులు తగ్గాక ఓఆర్‌ఎస్, అంటే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు, గుక్క గుక్కగా తాగించారు.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. చిన్నపేగు గోడ గుండా సోడియం, గ్లూకోజ్ జతగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లూ పోతాయి. బేదులవుతున్నా ఈ దారి చాలావరకు మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లతోనే ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టారు. నన్నూ గట్టెక్కించింది ఆ నీళ్లే. జామాకు మహిమ చెప్పేవాళ్లు ఈ ముక్క వదిలేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

జామాకు అవసరం పడింది ఆ తర్వాత. జ్వరం లేదు, మలపరీక్షలో ఏమీ లేదు, అయినా నాలుగు ముద్దలు తింటే చాలు, కడుపు గుడగుడలాడి పరుగెత్తాల్సి వచ్చేది. బడి తెరిచాక మరీ కష్టం. మైదుకూరు బస్సెక్కితే చెన్నూరు దాటేలోపే టెన్షన్. దారిలో దిగాల్సి వస్తే ఎక్కడికి పోవాలి? ఈ భయం ఆడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పొద్దున ఏమీ తినకుండా బయల్దేరడం మొదలుపెట్టాను, దాంతో నీరసం ఇంకా పెరిగింది. ఇన్ఫెక్షన్ పోయినా పేగు లోపలి పొర కోలుకోవడానికి వారాలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. పాలు అరిగించే ఎంజైము కూడా కొన్నాళ్లు తగ్గుతుందట, అందుకని పాలు, కాఫీ ఆపమంది. కారం తగ్గించి, కొంచెం కొంచెంగా తినమంది.

కాఫీ లేని పొద్దున నాకు అసలు పొద్దులాగే ఉండదు. అప్పుడే రాజంపేట నుంచి వచ్చిన మా అత్త సంచిలోంచి ఎండిన జామాకు డబ్బా తీసింది. "ఇది తాగమ్మా, కడుపు కట్టుకుంటుంది" అంది. డాక్టరమ్మను అడిగితే తాగమంది.

ఆకు ఎండబెట్టడం అత్త దగ్గరే నేర్చుకున్నాను. మందు కొట్టని పెరటి చెట్టు కావాలి. మరీ లేతదీ, పండుబారినదీ కాకుండా మధ్యస్థంగా ముదిరిన ఆకు కోయాలి. ఆకు వెనక్కి తిప్పి చూడాలి, పిండినల్లి పురుగు తెల్లగా అంటుకుని ఉంటే పారెయ్యాలి. కడిగి, పాత నూలుచీర మీద నీడన పరవాలి. మా ఎండకు బయట పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి. కాస్త మెత్తగా ఉన్నా డబ్బాలో బూజు పడుతుంది. ఒకటిన్నర గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి, గ్లాసుకు దిగేదాకా మరిగిస్తే తేనె రంగు వస్తుంది. మొదటి గుక్క వగరుకు నోరు పట్టేస్తుంది. చిటికెడు ఉప్పు వేసుకుంటే నాకు బాగా అనిపించింది.

ఆ వగరు ఆకులో ఉండే టానిన్లనే పదార్థాలది. ఆకులో క్వెర్సెటిన్ అనే పదార్థం కూడా ఉంది, అది పేగుల కదలికను నెమ్మదింపజేస్తుందని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో చూశారు. నాకు మొదట తగ్గింది ఆ గుడగుడ. తర్వాత తిన్నది నిలవడం మొదలైంది. రాగి జావ, పెరుగన్నం, అరటిపండుతో నడిచిన రోజుల్లోంచి మెల్లగా సంగటికి వచ్చాను. పేగు తనంతట తాను మానడం కూడా ఇందులో ఉంది, ఆ ఘనతంతా ఆకుకే ఇవ్వను. కానీ ఆ వేడి గ్లాసు ఇచ్చిన ధైర్యంతోనే మళ్లీ పొద్దున తిని బస్సెక్కగలిగాను.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. నాకు రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాశారు. టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. అందుకే కషాయం పొద్దున, మాత్ర రాత్రి అని పెట్టుకున్నాను. మా అత్తకు షుగర్ ఉంది. జపాన్‌లో 2000లో జామాకు టీని షుగర్ విషయంలో పనికొచ్చే ఆహారంగా ప్రభుత్వమే గుర్తించింది. అలాగని మాత్రలు మానే పని లేదు. మాత్రలకు ఇదీ తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు కాబట్టి అత్తకు పరీక్ష చేయించాకే గ్లాసు ఇస్తున్నాం.

ఇప్పుడు వీధిలో ఎవరికి కడుపు చెడినా ఆకు కోసం మా ఇంటికే వస్తారు. రక్తం పడుతోందా, జ్వరముందా, మూత్రం తగ్గిందా అని ముందు అడుగుతాను. ఒక్కటి అవునన్నా, లేదా చంటిపిల్లలకని అడిగినా ఆకు ఇవ్వను. ఓఆర్‌ఎస్ కలిపి తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపొమ్మంటాను.