తొమ్మిదో రోజు కరెంటు

మా ఇంట్లో అటక మీద ఒక ఎర్ర ల్యాండ్‌లైన్ ఫోను ఉంది. కనెక్షన్ తీయించేసి ఏళ్లయింది, అయినా అమ్మ దాన్ని పారెయ్యనివ్వదు. పాత సామాన్లవాడు వచ్చిన ప్రతిసారీ "అదొక్కటీ ఉంచరా, హుద్‌హుద్‌లో మనల్ని ఆదుకుంది అదే" అంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం తుఫాను వైజాగ్ దగ్గర తీరం దాటాక మా సందులో పనిచేసిన వస్తువు నిజంగానే అదొక్కటే.

గాలి గురించి ఇప్పటికే అందరూ చెప్పేశారు, గంటకి 180 కిలోమీటర్ల పైన వీచిందని, మధ్యలో కాసేపు చప్పుడు లేకుండా ఆగి మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొట్టిందని. నేను చెప్పేది ఆ తర్వాతి తొమ్మిది రోజుల సంగతి. సీతమ్మధారలో మా సందు మొదట్లో ఉన్న నిద్రగన్నేరు వేళ్లతో సహా లేచిపోయి మూడు కరెంటు స్తంభాల్ని తీసుకుని పడింది. సెల్‌ఫోన్లు ఆ సాయంత్రానికే మూగబోయాయి. టవర్‌కి బ్యాటరీలుంటాయి, అవి కొన్ని గంటలు లాగుతాయి, తర్వాత డీజిల్ జనరేటర్, ఆ డీజిల్ తెచ్చే బండి రావాలంటే రోడ్డుండాలి, రోడ్డు మీదేమో చెట్లు. నాలుగో రోజు ఇంకో తమాషా. ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి, కాల్ చేస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆ గీతలు మన ఫోనుకీ టవరుకీ మధ్య సంగతే చెబుతాయట, టవర్ నుంచి అవతలికి వెళ్లే ఫైబర్ తీగ తెగితే వాటిని చూసి మురిసిపోవడం తప్ప ఇంకేం లేదు.

ల్యాండ్‌లైన్ అలా కాదు. దానికి కావలసిన 48 వోల్టులు రాగి తీగలోనే ఎక్స్ఛేంజి నుంచి వచ్చేస్తాయి, ఇంట్లో కరెంటుతో పని లేదు. కానీ మేం వాడుతున్నది కార్డ్‌లెస్ సెట్టు, దాని బేస్‌కి కరెంటు కావాలి, అందుకని లైను బతికే ఉన్నా మాకు తెలియలేదు. సోమవారం రాత్రి కిరసనాయిలు దీపం కోసం అటక ఎక్కిన నాన్న చేతికి ఈ ఎర్ర ఫోను తగిలింది. చూద్దాం అని గోడకి తగిలిస్తే డయల్ టోన్! అమ్మ రిసీవర్ చెవికి పెట్టుకుని, ఎవరికీ చెయ్యకుండా, ఆ టోన్‌ని కాసేపు అలాగే వింటూ కూర్చుంది.

మర్నాటి నుంచి మా వరండా ఎస్టీడీ బూత్ అయిపోయింది. అసలు ఇబ్బంది ఏమిటంటే, వచ్చినవాళ్లలో సగం మందికి కన్నపిల్లల నంబర్లు కూడా నోటికి రావు, అన్నీ చచ్చిపోయిన సెల్‌లో ఉన్నాయి. ఎదురింటి మాస్టారు ఒక్కరే రబ్బరు బ్యాండు వేసిన పాత డైరీ పట్టుకొచ్చి వరసగా నలుగురికి చేశారు.

ఇప్పుడు మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్. స్పీడుకి వంక పెట్టలేను గానీ గాజు తీగలో కరెంటు రాదు కదా, గోడకున్న పెట్టె ఆరిపోతే నెట్టూ లేదు, దాంతోపాటు ఇచ్చిన ఫోనూ లేదు. నేను రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకున్నాను, మా కేబుల్ ఆపరేటర్ స్తంభానికి కట్టిన పెట్టెకి ఎవరు పెడతారు? హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొన్నిచోట్ల కరెంటు తీగల్ని భూమిలోకి దించారు, మంచిదే. మా సందులో మాత్రం ఇంటర్నెట్ తీగ ఇప్పటికీ కరెంటు స్తంభం మీదే వేలాడుతోంది, అది పడితే రెండూ ఒకేసారి పోతాయి.

ఇక కరెంటు. పక్క వీధికి ఐదో రోజే వచ్చేసింది, మాకు లేదు. అక్కడెవరో పెద్దాయన ఇల్లుందని, అందుకే ముందిచ్చారని ఒకరు అన్నారు, నేనూ నమ్మేసి ఆవేశంగా వెళ్లి కరెంటాఫీసులో అరిచాను. గడ్డం మాసిన ఒకాయన, ఎన్ని రోజులైందో నిద్రపోయి, నన్ను తిట్టకుండా కాగితం మీద గీతలు గీసి చూపించాడు. పెద్ద సబ్‌స్టేషన్ నుంచి 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల లైను, దాని కింద పేటలకి కరెంటు పంచే 11 కేవీ లైన్లు, వాటినే ఫీడర్లంటారు, వాటి కింద ట్రాన్స్‌ఫార్మర్లు, ఆ తర్వాతే మీ ఇంటి తీగ. పైది నిలబడకుండా కింది స్తంభం పాతినా ఉపయోగం లేదు. ముందు ఆసుపత్రులు, నీళ్ల పంపులున్న ఫీడర్లు. పక్క వీధిది వేరే ఫీడరు. "మీది చివరాఖరు బాబూ" అన్నాడు. ఆ మాటకి నాకు మారు మాట రాలేదు. మూడో అంతస్తు వాళ్లు బకెట్లతో ట్యాంకర్ నీళ్లు మోస్తుంటే పంపులకి ముందివ్వడం తప్పని ఎలా అంటాం?

తొమ్మిదో రోజు పొద్దున్న మా సందుకి లైన్‌మన్ల ముఠా వచ్చింది, పశ్చిమ గోదావరి నుంచి వచ్చినవాళ్లు. చెట్టుని అప్పటికే మేమే ముక్కలు చేసి పక్కకి లాగి పెట్టాం. పెద్ద లైన్‌మన్ బండి దిగుతూనే అడిగిన మొదటి మాట, "జనరేటర్ ఎవరింట్లో ఉందండీ?"

మాస్టారింట్లో ఉంది. అద్దెకి తెచ్చిన చిన్నది, ప్లగ్గులో పెట్టి ఇల్లంతా నడుపుతున్నారు, మెయిన్ మాత్రం ఆపలేదు. పెద్ద లైన్‌మన్ మీటర్ బోర్డు దగ్గరికి స్వయంగా వెళ్లి మెయిన్ దించేసి వచ్చాడు. మెయిన్ ఆపకపోతే సర్వీసు తీగ గుండా జనరేటర్ కరెంటు వెనక్కి లైన్‌లోకి పోతుందట, 11 వేల వోల్టుల్ని 230కి దించే ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతలి వైపు నుంచి 230 ఇస్తే అటు పక్క 11 వేలు అవుతుందట. "లైన్ చచ్చిందనుకుని ఎక్కుతామండి, మీ ఫ్యాను తిరిగిన కరెంటుకే మావోడు పోతాడు, ఆయ్" అన్నాడు, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు. ఆ తర్వాత కూడా లైన్‌ని భూమికి కలిపే ఎర్త్ రాడ్డు తగిలించి, తీగలన్నీ కలిపి కట్టాకే కుర్రాణ్ని స్తంభం ఎక్కనిచ్చాడు. మాస్టారు పాపం ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేదు. అమ్మ ముఠా అందరికీ పులిహోర పెట్టింది, నిలబడే తిన్నారు.

వెళ్లే ముందు ఆయన సందంతా వినబడేలా చెప్పాడు, కరెంటు రాగానే అందరూ మోటార్లు వేసేయకండి, ఒక్కొక్కరే వేసుకోండి అని. అందరం తలలూపాం.

రాత్రి ఏడున్నరకి లైట్లు వెలిగాయి. దీపావళి ఇంకా మూడు రోజులుంది, పిల్లల కేకలు మాత్రం ఆ రాత్రే పండగన్నట్టు ఉన్నాయి. ఫ్రిజ్ గుర్రుమంది, ఫ్యాను మీది దుమ్మంతా మా మీదే రాలింది, నేను పరిగెత్తి మోటార్ వేశాను. సందులో పదిహేడిళ్లూ అదే పని చేశాయి. నాలుగు నిమిషాలు కాలేదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఠాప్పుమని చప్పుడు, మళ్లీ చీకటి. ఎర్ర ఫోనులోంచి నేనే ఆఫీసుకి చేశాను. అరగంటకి అదే ముఠా వచ్చింది. ఆయన టార్చి వెలుగులో ఫ్యూజు తీగ చుడుతూ, తల ఎత్తకుండానే, "మోటార్ ముందు ఎవరు వేశారండీ?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు.