చాకీ గదికి ఇన్సులేషన్ ఎంచుకున్న నా అనుభవం

చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరితే సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంటాం. మా పడమటి మండలాల్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 14 డిగ్రీల చలి మామూలే. మనమైతే దుప్పటి కప్పుకుంటాం. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పట్టుపురుగుకు మాత్రం 27, 28 డిగ్రీల వేడి, దాదాపు 85 శాతం తేమ ఉండాలి. లేకపోతే ఆకు వాడిపోతుంది, పురుగు తినదు, ఎదుగుదల ఒకేలా రాదు. మాది చాకీ కేంద్రం. గుడ్లు పొదిగించి, పురుగులను రెండో జ్వరం, అంటే మేత మానేసి పొర విడిచే దశ, దాటేదాకా సాకి రైతులకు ఇస్తాం. అక్కడ తేడా వస్తే ఆ నష్టం రైతు పట్టుగూళ్లలో కనిపిస్తుంది. అందుకే ఈ గది గురించి నాకంత పట్టింపు.

గది ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన రేకులు. హీటర్లు రాత్రంతా తిరిగినా వేడి నిలిచేది కాదు. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటి ఉండేది. తెల్లవారేసరికి రేకు కింద నీళ్లు పట్టి, చుక్కలు చుక్కలుగా ట్రేల మీద పడేవి. జ్వరంలో ఉన్న పురుగుకు ట్రేలోని ఆకు బెడ్డు పొడిగా ఉండాలి. అప్పుడే పైనుంచి నీళ్లు కారితే రోగం రాకుండా ఎలా ఉంటుంది?

ఇంజినీరింగ్ చదివిన మా చెల్లెలి కొడుకు వచ్చి లెక్క వేశాడు. "పెద్దమ్మా, 27 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న గదిలో 24 డిగ్రీల కన్నా చల్లగా ఏది ఉన్నా దానికి చెమట పడుతుంది" అన్నాడు. బయట 14 ఉంటే రేకు లోపలి వైపు ఎక్కడుంటుందో చెప్పాల్సిన పనిలేదు. గోడ కూడా ఆ 24 అంచులోనే ఉంది. వేడి లెక్క కూడా తీశాడు. ఒక్క కప్పు నుంచే 4 కిలోవాట్ల పైన పోతోంది, గోడల నుంచి ఇంకో రెండున్నర. ఆ కాగితం చూశాక నాకు స్పష్టమైంది. వేడిని ఆపితే సరిపోదు, ఆవిరి చల్లని చోటికి చేరకుండా కూడా ఆపాలి.

అక్కడి నుంచి షాపుల చుట్టూ తిరగడం మొదలైంది. తిరుపతిలో ఒకాయన గ్లాస్‌వూల్, అంటే గాజు పీచు దూది, చూపించాడు. ధర తక్కువ, మంట అంటుకోదు. కానీ మా గది ఆవిరి దాని సందుల్లోకి దూరి, పైనున్న చల్లని రేకుకు తగిలి నీరవుతుంది. తడిసిన దూది ఎంత చలి ఆపుతుందో, తడిసిన గ్లాస్‌వూల్ కూడా అంతే. లోపలి వైపు ఫాయిల్ వేసి ప్రతి అతుకూ టేపుతో మూయొచ్చు. ఒక్క అతుకు ఊడినా కథ మళ్లీ మొదటికొస్తుంది. బబుల్ ఫాయిల్ ఎండాకాలం రేకు వేడికి బాగా పనిచేస్తుంది, చలి రాత్రికి అది చాలదు. థర్మాకోల్‌లో చీమలు, ఎలుకలు కాపురం పెడతాయి. పైగా బ్యాచ్ బ్యాచ్‌కీ గదంతా బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. దాన్ని ఎన్నిసార్లని కడుగుతాం?

చివరికి కప్పుకు 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ తీసుకున్నాం. రెండు వైపులా రంగు రేకు, మధ్యలో నురుగు. చిత్తూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు ఇవే వాడతారు కాబట్టి బిగించే మనుషులు సులువుగానే దొరికారు. అయితే వాళ్లకు ఒక సంగతి నచ్చజెప్పాల్సి వచ్చింది. కోల్డ్ రూములో ఆవిరి బయటి నుంచి లోపలికి వస్తుంది, అందుకని వాళ్లు బయటి వైపు అతుకులు గట్టిగా మూస్తారు. మా గదిలో అది లోపలి నుంచి బయటికి పోతుంది. "అక్కా, మేం ఎప్పుడూ ఇట్లే చేస్తాం" అన్నాడు మేస్త్రీ. నిదానంగా చెప్పాక అర్థం చేసుకుని, ప్రతి అతుకూ లోపలి నుంచి సీలెంట్‌తో మూసి, ఎంతో శ్రద్ధగా చేసిచ్చాడు. వేలాడదీయడానికి ఇనుప బోల్టుల బదులు నైలాన్ బోల్టులు వేయించాం. ఇనుము చలిని లోపలికి తెస్తుంది, బోల్టు తల దగ్గర చుక్క కడుతుంది. పాత రేకును అలాగే ఉంచి, దానికీ ప్యానెల్‌కీ మధ్య గాలి ఆడేలా రెండు చివర్లా మెష్ పెట్టాం.

గోడలకు లోపలి వైపు 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు షీటు అంటించి, మెష్ కొట్టి సిమెంటు పూత పూయించాం. నీళ్లు పీల్చదు, పైన సిమెంటు కాబట్టి కడగొచ్చు. లెక్క ప్రకారం ఇప్పుడు కప్పు నుంచి పోయే వేడి 350 వాట్లకు అటూఇటూ, గోడల నుంచి ఒక కిలోవాటు లోపే. కిటికీ, తలుపు సందులకు రబ్బరు పట్టీలు వేశాం.

ఒక్క విషయంలో నేను అసలు రాజీపడలేదు. పఫ్ నురుగు మంటకు అంటుకుంటుంది, ఆ పొగ ప్రాణాంతకం. అందుకే బొగ్గు కుంపటి గదిలోకి రాకూడదని చెప్పేశాను. గది ఇంత బిగుతుగా మూశాక కుంపటి పెడితే మనిషికీ ముప్పే, పురుగుకూ ముప్పే. థర్మోస్టాట్ ఉన్న కరెంటు హీటర్లు గోడకు దూరంగా పెట్టాం, వైర్లన్నీ ఇనుప పైపుల్లో వేయించాం. ఆకు వేసే ముందు కాసేపు ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పి గాలి మారుస్తాం. కొంచెం వేడి పోతుంది, పోనీ.

ఈ చలికాలం ట్రేల మీద చుక్క పడలేదు. హీటర్లు ఆగి ఆగి తిరుగుతున్నాయి. నేను అనుకోని లాభం ఇంకోటి ఉంది. తేమ యంత్రంలో నీళ్లు ఇదివరకంత త్వరగా అయిపోవడం లేదు. గాలికి మనమిచ్చిన తేమంతా అప్పట్లో రేకుకు పట్టి కారిపోయేది కదా. బైరెడ్డిపల్లె వైపు రైతులు కొందరు వచ్చి చూసి, తమ షెడ్లకూ వేయించాలా అని అడిగారు. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు, గాలి మాత్రం బాగా ఆడాలి. వాళ్లకు ఇంత ఖర్చు అక్కర్లేదని, ముందు రేకు కింది సంగతి చూసుకోమని చెప్పాను.