కబురు కూడా ప్రమాణమే: జ్ఞాన సిద్ధాంతాలు పోల్చి చూసిన నా అనుభవం

ఇస్లామిక్, పాశ్చాత్య జ్ఞాన సిద్ధాంతాలను, అంటే మనకు ఏదైనా ఎలా తెలుస్తుందన్న ఆలోచనలను, పోలుస్తూ తెలుగులో ముప్పై పేజీల పేపరు రాయాలనుకున్నాను. గుంటూరులో ఈ సబ్జెక్టు తెలిసినవాళ్లు ముందుగా ఇచ్చే సలహా, "గజాలీ, డెకార్ట్‌లతో మొదలుపెట్టండి, ఇద్దరూ అన్నిటినీ అనుమానించినవాళ్లే కదా!" ఇస్లామిక్ పండితుడు గజాలీతో, ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్‌తో అలాగే మొదలుపెట్టాను. ఆ డ్రాఫ్టు పక్కన పడేయాల్సి వచ్చింది.

పోలిక అబద్ధం కాదు. కదలనట్టుండే నీడ గంటకు జరిగి ఉంటుంది, దీనారంత కనిపించే నక్షత్రం భూమికంటే పెద్దదని లెక్క తేలుస్తుంది, కాబట్టి కళ్లను నమ్మలేనన్నాడు గజాలీ (1058–1111). తర్వాత కలలో నిజమనిపించింది మేలుకుంటే పోతుందని చూపించి బుద్ధినీ సందేహించాడు. 1641లో డెకార్ట్‌దీ దాదాపు ఇదే దారి. కానీ ఆయన ఆలోచించే ‘నేను’ ఉండి తీరాలన్న మాటను పట్టుకుని ఒడ్డెక్కితే, గజాలీ దేవుడు గుండెలో వేసిన వెలుగుతో బయటపడ్డానన్నాడు. ఇక్కడే ‘పడమటిది తర్కం, ఇస్లాంది అంతర్దృష్టి’ అని రాసేస్తాం. తప్పు. మదరసాల్లో శతాబ్దాలుగా చదివే నసఫీ అనే పండితుడి విశ్వాస గ్రంథం ‘అఖాయిద్’ జ్ఞానానికి మూడే మార్గాలు చెబుతుంది: ఇంద్రియాలు, నిజమైన ఖబర్ (ఇతరులు చెప్పగా విన్నది), బుద్ధి. ఇల్హామ్‌ను, అంటే లోపల తోచిన స్ఫురణను, లెక్కలోకి తీసుకోదు.

రెండోసారి మనుషుల్ని వదిలి ప్రశ్నను పట్టుకున్నాను: ‘నాకు తెలుసు’ అనడానికి ఏది ఆధారం? ముందు మాటలు సరిచేసుకోవాలి. ‘అనుమానం’ తెలుగులో సందేహమూ అవుతుంది, భారతీయ తర్కమైన న్యాయదర్శనం చెప్పే ప్రమాణమూ (జ్ఞానానికి ఆధారం) అవుతుంది. అందుకే ‘సందేహం’, ‘అనుమితి’ (ఆనవాళ్లను బట్టి తేల్చుకోవడం) అని విడగొట్టాను. అరబీ మాట యకీన్‌ను ‘నమ్మకం’ అంటే పేపరు మునిగినట్టే. నమ్మకం తప్పు కావచ్చు, యకీన్ సందేహానికి చోటులేని నిశ్చయం. ఖబర్‌కు వెతకనక్కర్లేదు, మన ‘కబురు’ అదే.

ఎక్కువ పేజీలు ఈ కబురుకే ఇవ్వాలి. అబద్ధం మీద కూడబలుక్కోవడం అసాధ్యమైనంతమంది చెప్పినది ముతవాతిర్. మొదట చెప్పినవాళ్లు కళ్లారా చూసి, చెవులారా విని ఉండాలి, ఊహించి ఉండకూడదు. గతించిన రాజులు, దూరపు ఊళ్లు మనకు తెలిసింది ఇలాగేనంటాడు నసఫీ. రాజులనగానే అమరావతి దగ్గరుంది కదా అని శాతవాహనుల్ని ఉదాహరణగా రాసి కొట్టేశాను. వాళ్లు మనకు తెలిసింది శాసనాలు, నాణేల నుంచి, అది అనుమితి. ఎన్నడూ చూడని మక్కా ఉందని తెలియడం సరైన ఉదాహరణ. స్కాటిష్ తత్వవేత్త హ్యూమ్ కూడా సాక్ష్యాన్ని తూచాడు, కానీ అనుభవం అనే తక్కెడలో. నసఫీకి ముతవాతిర్ తనంతట తానే జ్ఞానమిస్తుంది. అసలు తేడా ఇదీ.

కార్యకారణాలకు నాలుగు పేజీలు చాలు. నిప్పు తగిలి పత్తి కాలడం జిన్నింగ్ మిల్లులున్న ఊళ్లో వివరించక్కర్లేదు. తగలడం చూస్తాం, కాలడం చూస్తాం, తగలడం వల్లే కాలిందన్నది మాత్రం మనకు కనిపించదంటాడు గజాలీ. 1748లో హ్యూమ్ కూడా ఇలాంటి మాటే అన్నాడని ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి. ఆ ఖాళీలో గజాలీ దేవుడి సంకల్పాన్ని పెడతాడు, హ్యూమ్ మన అలవాటును. కారణాన్ని కాదంటే బుద్ధినే కాదన్నట్టన్న మరో ఇస్లామిక్ తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ జవాబునూ ఇక్కడే చేర్చాలి, లేకపోతే ఇస్లామిక్ వైపంతా ఒకే గొంతులా వినిపిస్తుంది.