సగం పాయింటు కోసం

నలభై దాటాక నాకు చదరంగంలో ఫిడే రేటింగు (ఆటగాడి బలానికి ప్రపంచ చదరంగ సమాఖ్య ఇచ్చే అంకె) మీద ఆశ పుట్టడం మా ఇంట్లోవాళ్లకు నవ్వులాటగా ఉండేది. ఒంగోలులో ఆడిన మొదటి టోర్నమెంటులో రేటింగు ఉన్న నలుగురితో తలపడి, నలుగురి చేతిలోనూ ఓడిపోయి, రాత్రి రైల్లో కావలి చేరుకున్న తరువాత నిబంధనలు తీరిగ్గా చదివాను. రేటింగు లేనివాడు తన మొదటి టోర్నమెంటులో రేటింగు ఉన్నవారి మీద సున్నా తెచ్చుకుంటే ఆ ఫలితాన్ని లెక్కలోకే తీసుకోరట. రేటింగు ఉన్నవారితో కనీసం 5 ఆటలు ఆడాలి, సగం పాయింటైనా సంపాదించాలి, లెక్క 1400కు తగ్గకూడదు. గెలిచే సత్తా లేని నాకు ఆ సగం పాయింటు డ్రా రూపంలోనే రావాలి గనుక, డ్రాకు దారితీస్తాయని పేరుపడ్డ ఓపెనింగులనే, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుసలనే, నేర్చుకుందామని నిశ్చయించుకున్నాను.

మొదట నల్లపావులతో ఆడే బెర్లిన్ డిఫెన్స్ మీద మోజుపడ్డాను. 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలో క్రామ్నిక్ దానిని అడ్డం పెట్టుకోగా, కాస్పరోవ్ 15 ఆటల్లో ఒక్కటైనా గెలవలేకపోయాడు. అయితే ఆ పద్ధతిలో ఎనిమిదో ఎత్తుకే మంత్రులు మారిపోయి, నల్లరాజు క్యాస్లింగ్ (ఒకే ఎత్తులో ఏనుగు చాటుకు చేరడం) హక్కు పోగొట్టుకుని బోర్డు నడుమ నిలబడతాడు. ఆ రాజును క్షేమంగా దాచుకోవడం క్రామ్నిక్‌కు తెలుసు, నాకు తెలియదు. పదిహేను రోజులకే దానిని వదిలేశాను.

తరువాత పెట్రోఫ్, ఇదీ నల్లపావులతో ఆడేదే. 2018లో కార్ల్‌సన్‌తో ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలో కరువానా ఆశ్రయించిన ఓపెనింగుల్లో ఇదీ ఒకటి. అక్కడ 12 క్లాసికల్ (ఎక్కువ సమయమిచ్చే) ఆటలూ డ్రాలే. రాజు ముందరి బంట్లు ఎదురెదురుగా నిలిచాక, తెల్లగుర్రం మన బంటు మీదికి వస్తే మనమూ గుర్రంతో వాళ్ల బంటు మీదికే పోతాం. ఇంత సులువా అనుకుని, నాకు పాఠం చెప్పే మాస్టారి మనవడితో ఆడాను. వాడు నా బంటును తిన్న వెంటనే నేనూ వాడి బంటును తిన్నాను. వాడు మంత్రిని రాజు ముందుకు జరిపాడు; నేను గుర్రాన్ని వెనక్కి తీసుకున్నాను. వాడి గుర్రం పక్కకు తప్పుకోగానే మంత్రి దారి తెరుచుకుని నా రాజుకు చెక్ పడింది, ఆ గుర్రం నా మంత్రి మీదే గురిపెట్టింది. ఐదు ఎత్తుల్లో మంత్రి పోయింది.

“ఏందబ్బయ్యా, ముందు బంటుతో వాడి గుర్రాన్ని తరిమినాక గదా నువ్వు తినాల్సింది!” అన్నారు మాస్టారు. ఆ ఒక్క ఎత్తును ఆ తరువాత ఎన్నడూ మరువలేదు.

తెల్లపావులతో ఫ్రెంచ్ ఎక్స్ఛేంజ్ అనే ఓపెనింగు ఎంచుకున్నాను. మూడో ఎత్తుకు నడిమి బంట్లు మారిపోయి, రెండు పక్షాలూ అద్దంలో బొమ్మల్లా కనిపిస్తాయి. సమానమైన స్థితి ఎదుటివాడికి కూడా సమానమేనన్న సంగతి నెల్లూరు టోర్నమెంటులో తెలిసివచ్చింది. అక్కడ ఆ ఓపెనింగుతోనే రెండు ఆటలు ఓడాను, రెండుసార్లూ నలభయ్యో ఎత్తు దాటిన తరువాతే.

అక్కడ ఆడిన ఐదింటిలో మిగిలిన మూడు ఆటలూ నల్లపావులతో, పెట్రోఫ్ దయ వల్ల డ్రా అయ్యాయి. చివరి రౌండులో మంత్రులు తొందరగానే మారిపోయాయి. గంటలకొద్దీ సాగిన ఆ ఆటలో ఎదుటి కుర్రవాడికి ఒక ఏనుగూ ఒక బంటూ మిగలగా, నాకు ఏనుగు మాత్రమే మిగిలింది. మాస్టారు మూడు వారాలు ఇదే స్థితిని బోర్డు మీద పెట్టించి విసిగించారు. నా రాజును బంటు దారికి అడ్డంగా ఎనిమిదో అడ్డవరుసలో నిలిపి, ఏనుగును ఆరో వరుసలో కాపలా పెట్టి, తెల్లరాజును ముందుకు రానీయలేదు. విసుగెత్తి అతను బంటును ఆరో వరుసకు తోసిన మరుక్షణం నా ఏనుగు ఒకటో వరుసకు పరుగెత్తి వెనకనుంచి చెక్‌లు మొదలుపెట్టింది. ఆ బంటు ముందుకు పోయింది గనుక తెల్లరాజుకు తలదాచుకునే చోటు లేదు. అదే స్థితి మూడోసారి రానున్నదని గమనించి, పావును ముట్టకుండా ఎత్తును స్కోర్‌షీటులో రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను (పోటీ న్యాయనిర్ణేతను) పిలిచి, మూడుసార్లు అదే స్థితి వచ్చినందుకు డ్రా కోరాను.

కొంతకాలానికి జాబితాలో నా పేరు పక్కన 1527 కనిపించింది. 2024 మార్చి నుంచి అమలులో ఉన్న పద్ధతిలో, కొత్తవారి మొదటి లెక్కకు 1800 రేటింగు గల ఇద్దరు ఊహాత్మక ప్రత్యర్థులతో డ్రా చేసినట్లు కలుపుతారు. ఆ ప్రకారం చూస్తే నాకు దక్కిన ఐదు డ్రాల్లో రెండు నేను ఆడనే లేదు.