కంబాలకొండలో కెమెరాలు పెట్టి జంతువుల లెక్క తీయడం: నా అనుభవం

కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. పక్కనే జాతీయ రహదారి, చుట్టూ పెరుగుతున్న విశాఖ. ఒక్క మగ చిరుతే పదుల చదరపు కిలోమీటర్లు తిరుగుతుంది. కాబట్టి గెజిట్లో అభయారణ్యమని ఉందంటే జంతువులు భద్రంగా ఉన్నాయని అనుకోకూడదు. లోపల, అంచున, ఒకే పద్ధతిలో, ఏటా లెక్క తీస్తేనే రక్షణ ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది.

ముందు అనుమతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ఇవ్వాలి. ఏం పని, ఎన్ని రోజులు, ఎంతమంది, కెమెరాలు ఎక్కడ అన్నది మ్యాపుతో సహా రాసి పెట్టాలి. వేసవిలో పని ఉంటే చలికాలం మొదట్లోనే దరఖాస్తు వేసేస్తాను.

మ్యాపు మీద కిలోమీటరు గళ్లు గీసి 20 గళ్లు తీసుకుంటాను. పది లోపలివి, పది సరిహద్దుకు అర కిలోమీటరు లోపువి. నడవడానికి సులువని రోడ్డు పక్క గళ్లే ఎంచుకుంటే లెక్క అక్కడే తప్పిపోతుంది. గడిలో గెడ్డ (వాగు) పక్కనో, జంతువులు నడిచి అరిగిన దారి పక్కనో చోటు చూస్తాను. ఈ విషయంలో అడవికి కాపలా తిరిగే వాచర్ల మాట వినాలి. ఏ మలుపు దగ్గర అడవిపంది దిగుతుందో వాళ్లకే తెలుసు.

జంతువు ముందు నుంచి వెళ్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరా ఇది. చెట్టుకు మోకాలి ఎత్తులో, సుమారు 40 సెంటీమీటర్ల దగ్గర కడతాను. దారికి మూడు నాలుగు మీటర్ల దూరం, ముఖం ఉత్తరానికో దక్షిణానికో. తూర్పు పడమరలకు తిప్పితే ఎండ నేరుగా పడి ఖాళీ ఫోటోలు వస్తాయి. వాలు నేల మీద వెనక చిన్న పుల్ల దూర్చి వంపు సరిచేస్తాను. తర్వాత దాని ముందు నాలుగు కాళ్ల మీద పాకి చూస్తాను, లైటు వెలిగితే సరే. ముందున్న గడ్డి మొత్తం కోసేయాలి. ఒక్క పరక మిగిలినా గాలికి ఊగుతూ ఎండలో వేడెక్కి, సాయంత్రానికి వందల ఫోటోలు తీయించి కార్డు నింపేస్తుంది.

ఎక్కువమంది చూసుకోని సంగతి ఇంకోటుంది. ఈ కెమెరా కదలికను మాత్రమే కాదు, ఒంటి వేడికీ వెనకున్న వేడికీ తేడాను పసిగడుతుంది. మే నెల మధ్యాహ్నం బండలు జంతువు ఒంటికి సమానంగా కాగిపోతే కుందేలు ఎదురుగా దాటినా ఫోటో రాదు. అందుకే పగటి లెక్కను నేను పూర్తిగా నమ్మను.

పది రోజులకోసారి బ్యాటరీలు, కార్డులు చూస్తాం. తలుపు తీస్తే బ్యాటరీ గదిలో చీమలు తెల్లటి గుడ్లతో సహా కాపురం పెట్టి ఉంటాయి. మెత్తటి బ్రష్షుతో తుడిచి, తేమ పీల్చే సిలికా పొట్లం మార్చాలి. తేదీ, గంట ప్రతిసారీ చూడాలి. ఉదయం, సాయంత్రం తారుమారైతే పునుగుపిల్లి పగలు తిరిగినట్టు నమోదవుతుంది.

లెక్క ఇలా. 20 కెమెరాలు 30 రాత్రులు, మొత్తం 600 కెమెరా రాత్రులు. మూడు కెమెరాలు పదేసి రాత్రులు ఆగిపోతే 570. చుక్కల దుప్పి అరగంటలో పది ఫోటోల్లో పడినా ఒక్కసారే. అలా 57 సార్లు వస్తే 100 రాత్రులకు 10. లోపలి గళ్లకు, అంచు గళ్లకు ఈ లెక్క విడివిడిగా కట్టాలి. ఇది కనబడే రేటు, అడవిలో ఉన్న దుప్పుల సంఖ్య కాదు. ఫోటో రాలేదంటే జంతువు లేదని కూడా కాదు. అంచున దుప్పి తగ్గి ఊరకుక్కలు పెరుగుతుంటే మాత్రం అటవీశాఖకు వెంటనే చెప్పాలి.

ప్రతి కెమెరా దగ్గర లాంటానా అనే కలుపు కంప ఎంత పరుచుకుందో కూడా రాస్తాను. 2014 హుద్‌హుద్ లాంటి తుఫానులో చెట్లు పడితే వెలుతురు దిగుతుంది, ఆ వెలుతుర్లో ఈ కంప అల్లుకుంటుంది. ఉపగ్రహ చిత్రంలో అంతా పచ్చగానే ఉంటుంది. కింద కూర్చుని చూస్తే దుప్పి మేసే గడ్డి ఉండదు. విస్తీర్ణం తగ్గకుండానే అడవి ఖాళీ అయ్యే తీరు ఇదే, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేదీ ఇదే.

కప్పలు, పాములు ఈ కెమెరాల్లో సాధారణంగా పడవు. వాటికి తొలకరి రాత్రుల్లో గెడ్డల వెంట టార్చి పట్టుకుని నడవాల్సిందే, అది వేరే పని.

కెమెరాలు విప్పేముందు ప్రతి చెట్టుకూ జీపీఎస్ అంకెలు, కట్టిన ఎత్తు, ముఖం దిక్కు రాసుకుని ఫోటో తీస్తాను. వచ్చే ఏడు అదే నెలలో, అదే చెట్టుకు, అదే ఎత్తులో కట్టాలి.