గ్రేట్ ఫాల్స్‌లో పిల్లలకు నిధివేట: ఏమీ పాతకుండా, ఏమీ వదలకుండా

అమెరికాలో పొటోమాక్ నదికి వర్జీనియా వైపున్న గ్రేట్ ఫాల్స్ పార్కులో నిధివేట పెట్టేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది: నిధిని అక్కడ దాచకూడదు. అది జాతీయ పార్కులను చూసుకునే ప్రభుత్వ శాఖ నేషనల్ పార్క్ సర్వీస్ స్థలం. అనుమతి లేకుండా డబ్బా పాతడం, రాళ్ల సందులో పెట్టి రావడం కుదరదు. అందుకే డబ్బాకు మూడంకెల నంబర్ తాళం వేసి మీ సంచిలోనే ఉంచుకోండి. అంకెలు మాత్రం పిల్లలు దారిలో వెతికి పట్టుకోవాలి.

మొదటి అంకె జలపాతం దగ్గరి వరద స్తంభం మీద ఉంది. పొటోమాక్ నది ఏ ఏడు ఎంత ఎత్తుకు పొంగిందో దానికి పలకలు కొట్టి ఉంటాయి. అన్నిటికన్నా పైది 1936, చివరి అంకె 6. పిల్లలు కంటికి ఎదురుగా ఉన్న పలక చూసి రాసేస్తారు. "తల బాగా ఎత్తు" అని చీటీలో పెట్టండి.

రెండోది పార్కులోని పాత పటోమాక్ పడవ కాలువ మీది లాకుల లెక్క. గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు: పడవ లోపలికి రాగానే వెనక గేటు మూసి, నీరు వదిలి, మట్టం దిగాక ముందు గేటు తీస్తారు. జార్జ్ వాషింగ్టన్‌ను తన అధ్యక్షుడిగా పెట్టుకుని 1785లో మొదలైన కంపెనీ తవ్వించిన ఈ కాలువ 5 లాకులతో పడవలను 76 అడుగులు దించేది. చివరి లాకుల కోసం కొండరాతిని తుపాకిమందుతో పేల్చారు. ఇప్పుడు చెక్క గేట్లు లేవు కాబట్టి గోడలు చూసే లెక్కపెట్టాలి. ఒకటో లాకు దగ్గర తొందరపడకండి. ఎర్ర ఇసుకరాళ్ల మీద ఒక్కో శిల్పి చెక్కుకున్న సొంత గుర్తులు కనిపిస్తాయి. వాటిని నోట్‌బుక్‌లో గీయించండి, రాయిని గీకనివ్వకండి. నన్నడిగితే వేటలో అసలు నిధి ఇదే.

మూడోదానికి 1802, 1828 అని చీటీలో ఇచ్చి, కాలువ ఎన్నేళ్లు నడిచిందో అడగండి. 26, చివరి అంకె 6. తాళం 6-5-6.

పోటీ పెట్టి పరుగెత్తించకండి. కొండ అంచు వెంట వెళ్లే రివర్ ట్రైల్‌కు చిన్నపిల్లలను తీసుకెళ్లకుండా, కాలువ పక్క దారిలోనే నడిపించండి. నదిలో కాలు పెట్టడం కూడా నిషేధమే. పైకి నెమ్మదిగా కనిపించినా లోపల గుంజుతుంది. కాలువ పక్కన ఒకప్పుడున్న మటిల్డావిల్ ఊరి శిథిలాల దగ్గర మూడాకుల పాయిజన్ ఐవీని ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయి, నిండు ప్యాంటు వేయించండి. జీపీఎస్ చెట్ల కింద కొన్ని గజాలు తప్పుతుంది కనుక ఆధారాలన్నీ కంటితో చూసేవే పెట్టి, చీటీలు కాగితం మీద ప్రింటు తీసుకోండి. వారాంతాల్లో గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి, పొద్దున్నే చేరండి.