మిస్చీఫ్ రీఫ్ నుంచి మెయిన్స్ ఆన్సర్ దాకా: సైనిక బలం, నార్మేటివ్ పవర్ ఎలా చదివానంటే

సివిల్స్ మెయిన్స్‌లో జీఎస్-2 పేపర్‌లోనైనా, పీఎస్ఐఆర్ (రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్‌లోనైనా సైనిక బలం, నార్మేటివ్ పవర్ (నియమాలు, విలువలతో ప్రభావం చూపే శక్తి) టాపిక్ రాగానే థియరీలతో పేజీ నింపేయాలనిపిస్తుంది. నేను మాత్రం థియరీని రెండు వాక్యాలకు కుదించి, ఒక్క వివాదాన్నే పట్టుకున్నాను: దక్షిణ చైనా సముద్రం.

2012లో ఆ సముద్రంలోని స్కార్‌బరో షోల్ అనే దిబ్బ దగ్గర చైనా, ఫిలిప్పీన్స్ నౌకలు ఎదురెదురుగా మోహరించాయి. చివరికి అది చైనా అదుపులోకి వెళ్లింది. నౌకాబలంలో తూగలేని మనీలా 2013 జనవరిలో అన్‌క్లాస్ (ఐరాస సముద్ర చట్ట ఒప్పందం) కింద ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. 2016 జూలై 12న తీర్పు వచ్చింది: నైన్ డాష్ లైన్ (మ్యాపుల్లో ఈ సముద్రంలో చాలా భాగాన్ని తనదిగా చూపే గీత) పేరుతో చైనా చెప్పుకునే చారిత్రక హక్కులకు చట్టబద్ధత లేదు. చైనా విచారణలో పాల్గొనలేదు, తీర్పునూ ఒప్పుకోలేదు. అక్కడి దిబ్బల మీద అది కట్టిన రన్‌వేలు కట్టినట్టే ఉన్నాయి.

చాలామంది ఇక్కడే ‘బలవంతుడిదే రాజ్యం’ అని తేల్చేస్తారు. నాకైతే అసలు విషయం చైనా ఆక్రమించి కట్టడాలు కట్టిన మిస్చీఫ్ రీఫ్‌లో దొరికింది. సహజంగా అది పోటు సమయంలో నీట మునిగే దిబ్బ. అలాంటిదానికి సొంతంగా 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక సముద్రం కూడా రాదు. పైగా అది ఫిలిప్పీన్స్ ఈఈజెడ్‌లో (సముద్ర వనరులపై ఆ దేశానికే హక్కుండే ప్రాంతం) ఉంది. ఎంత ఇసుక పోసినా, ఎంత కాంక్రీటు వేసినా దాని చట్టపరమైన హోదా పెరగదు. అంటే సైన్యం స్థలాన్ని ఆక్రమించగలిగింది కానీ, దాని చుట్టూ ఉన్న నీళ్ల మీద హక్కు మాత్రం సంపాదించలేకపోయింది. ఈ తేడా రాస్తే ఆన్సర్‌కు బరువు వస్తుంది.

రెండో వైపు కూడా చూడాలి. నియమం దానంతటదే నిలబడదు. తీర్పు వచ్చేనాటికి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడిగా కొత్తగా గద్దెనెక్కిన డుటెర్టే దాన్ని పక్కన పెట్టి బీజింగ్‌తో రాజీకి మొగ్గారు. 2020లో ఐరాస సర్వసభ్య సభలో ఆయనే దాన్ని గట్టిగా సమర్థించారు. ఇక అదే సముద్రంలోని మరో దిబ్బ సెకండ్ థామస్ షోల్ చూడండి. 1999లో ఫిలిప్పీన్స్ కావాలనే దిబ్బ మీదికి ఎక్కించి నిలిపిన తుప్పు నౌక సియెర్రా మాద్రే, అందులో గుప్పెడు మంది మెరైన్లు. వాళ్లకు సరుకులు తెచ్చే పడవల మీద 2023, 2024లో చైనా కోస్ట్‌గార్డ్ నీటి ఫిరంగులు ప్రయోగించింది. తీర్పు ఉన్నా మనుషులు అక్కడ ఉండక తప్పడం లేదు.

భారత్ కోణం వదలొద్దు. 2014లో బంగ్లాదేశ్‌తో సముద్ర సరిహద్దు వివాదంలో 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 అటు పోయినా మనం తీర్పును అంగీకరించాం. చైనాతో పోల్చడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. 2016లో ఫిలిప్పీన్స్ తీర్పును ‘గమనించాం’ అని ఊరుకున్న ఢిల్లీ, 2023 జూన్‌లో దానికి కట్టుబడాలని కోరింది. 2024లో మనీలాకు మన బ్రహ్మోస్ క్షిపణులు అందాయి. నియమం గురించిన ఆ మాటను, ఈ ఆయుధాలను పక్కపక్కనే పెట్టండి.

ఒక జాగ్రత్త: దీవులు ఎవరివో ట్రిబ్యునల్ తేల్చలేదు, సార్వభౌమత్వం దాని పరిధిలోకే రాదు. ‘దీవులు ఫిలిప్పీన్స్‌వని తీర్పు’ అని రాస్తే ఎగ్జామినర్‌కు వెంటనే దొరికిపోతారు.